పాలవెల్లికి వేలాడిన లిమెనైటిస్

కనకదుర్గ గొంతెత్తి పిలిస్తే మూడిళ్ల అవతలి కుక్క మొరగడం ఆపి చెవులు రిక్కిస్తుందని ఆ వీధిలో ప్రతీతి. అలాంటి మనిషి ఆ ఆదివారం పొద్దున పెట్టింది పిలుపు కాదు, కేక. భర్త శేషగిరి ఒక చెంప గీసుకుని, రెండో చెంప మీద నురగ అలాగే ఉండగా చీపురు పుచ్చుకుని పెరట్లోకి పరుగెత్తుకొచ్చాడు. పామనుకున్నాడు. ఒంటారియోలో, లండన్ ఊరి నడిబొడ్డున, చల్లబడుతున్న సెప్టెంబరులో పెరట్లోకి పామెందుకొస్తుందని ఆలోచించలేదు. ప్రొద్దుటూరు మనిషి. నలభై ఏళ్లుగా మంచు తవ్వుతున్నా, కేక వినబడితే ఆయన బుర్ర ముందు ప్రొద్దుటూరు వెళ్లి, ఆ తర్వాతే కెనడా వస్తుంది.

"ఎక్కడ? ఎక్కడుంది?"

"ఎక్కడా లేదండీ! కోసుకుపోయారు!"

"ఏం కోసుకుపోయారు?"

"కొమ్మ! పసుపు దారం కట్టిన నా కొమ్మ!"

శేషగిరి చీపురు దించాడు. ఆ కొమ్మ సంగతి ఆయనకు తెలియకుండా ఎలా ఉంటుంది? నెలరోజులుగా ఆ ఇంట్లో కాఫీలోకి పంచదారతో పాటు ఆ కొమ్మ కబుర్లే కలుపుతున్నారు. పెరట్లో కంచె పక్కన ఆస్పెన్ మొక్క, దానికి నడుమెత్తున ఒక కొమ్మ, ఆ కొమ్మకు ఒక ఆకు, ఆ ఆకు చుట్టలో బియ్యపు గింజ కంటే కాస్త పెద్ద పురుగు. దాని కోసం ఆవిడ ముప్పై ఎండాకాలాలు ఎదురుచూసింది. ఇప్పుడు కొమ్మ ఉన్నచోట ఏటవాలుగా తెగిన మొదలు, తడితడిగా, తెల్లగా ఉంది.

పురుగు కోసం ముప్పై ఏళ్లేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ సంగతి చెప్పుకోకపోతే ఆ కేకకు న్యాయం జరగదు.

కనకదుర్గది బందరు. పెళ్లై, ఎనభైల మొదట్లో లండన్ వచ్చి, హాస్పిటల్ ల్యాబులో చేరింది. పగలంతా మైక్రోస్కోపులో రక్తం చుక్కలు చూసేది. సాయంత్రం కళ్లకు విశ్రాంతి కావాలని అపార్ట్‌మెంట్ వెనక కంకర దారిలో నడిచేది. మొదటి వేసవిలోనే ఆ దారి మీద, చెప్పడానికి బాగుండదు గానీ, కుక్క పెంట మీద, ఒక సీతాకోకచిలుకను చూసింది. నల్లటి రెక్కలు. నాలుగు రెక్కల మీదుగా ఒకే తెల్లటి పట్టీ, సున్నంతో ఒక్క గీత లాగినట్టు. మనదేశంలో పూలమీద వాలే సుకుమారాలను చూసిన కంటికి, ఇంత అందగత్తె అంత అసహ్యం మీద కూర్చుని హాయిగా జుర్రుకోవడం వింతగా ఉండి, నవ్వొచ్చి, అక్కడే నిలబడిపోయింది. పరాయి దేశం వచ్చాక ఆవిడ మనసారా నవ్వింది ఆ రోజేనట.

మర్నాడు ల్యాబులో అడిగితే వైట్ అడ్మిరల్ అన్నారు. లైబ్రరీకి వెళ్లి చూస్తే శాస్త్రం పెట్టిన ఇంటిపేరు దొరికింది: లిమెనైటిస్. గ్రీకు మాట. రేవుకు చెందినది అని అర్థం. పూర్వం ఆ దేశపు నావికులు రేవును కాచే దేవతను ఆ పేరుతో కొలిచేవారు. మన పడవవాళ్లు గంగమ్మకు మొక్కుకున్నట్టే అనుకోండి. మనిషి ఎక్కడివాడైనా నీళ్లమీదికి వెళ్లేముందు ఒడ్డున ఒక ఆడదేవతను నిలబెట్టి వెళ్తాడు. బందరు రేవు పిల్లకు ఆ పేరు చూడగానే ఊరివాళ్లు కనబడినట్టయింది. అంతే, పట్టుకుంది పిచ్చి.

పిచ్చి ముదిరింది మాత్రం పదేళ్ల తర్వాత, ఇంకో విషయం చదివాక. ఉత్తరాన, మంచు ఎక్కువున్న చోట, ఈ సీతాకోకకు తెల్ల పట్టీ ఉంటుంది. దక్షిణాన, అమెరికా వైపు, అదే జాతికి పట్టీ ఉండదు; నల్లటి రెక్కల మీద నెమలికంఠపు నీలం మెరుస్తుంది. దక్షిణాదిలో ఆ రంగు సీతాకోక ఇంకొకటుంది, విషపు తీగలు తిని పెరిగే జాతి, దాన్ని తిన్న పిట్ట మళ్లీ ముట్టుకోదు. విషం లేని మన పిల్ల విషమున్నదాని వేషం వేసుకుని బతికేస్తుందన్న మాట. ఇంట్లో ఏమీ లేకపోయినా గేటుకు 'కుక్కలున్నవి జాగ్రత్త' అని బోర్డు పెట్టుకున్నట్టు. చూడడానికి ఉత్తర దక్షిణ ధ్రువాలు, శాస్త్రం మాత్రం ఒకే జాతి అంటుంది. రెండూ కలిసే సరిహద్దు ఒకటుంది. ఆ సరిహద్దు ఒంటారియోలో సరిగ్గా లండన్ మీదుగా పోతుంది!

సరిహద్దులో పెళ్లిళ్లు జరుగుతాయి. పిల్లలకు కొందరికి సగం గీత వస్తుందని పుస్తకాల్లో ఉంది. సగం గీతవి ఎగురుతుంటే ఆవిడే ఒకటి రెండుసార్లు చూసింది, రెక్కలు చిరిగి, రంగు వెలిసి. అది కాదు ఆవిడకు కావలసింది. తల్లినీ తండ్రినీ తన కళ్లతో చూసి, గుడ్డు చూసి, పురుగు చూసి, ఆ పురుగు రెక్కలు విప్పిన రోజున బిడ్డ ముఖం చూడాలి. ఏ పోలిక వచ్చిందో చూడాలి. పురిటి ఇంటి ముందు నిలబడ్డ అమ్మమ్మకుండే ఆత్రం, ముప్పై ఏళ్లపాటు.

ఆ ఆగస్టులో, రిటైరై చాలా కాలమయ్యాక, అదీ తన పెరట్లోనే, తెల్లపట్టీ ఆడది, నీలపు మగవాడు ఆస్పెన్ ఆకు మీద జంటగా కనబడ్డాయి. ఆడది ఆకుల కొసల్లో ఒక్కొక్కటిగా గుడ్లు పెట్టింది. సాలీళ్లు కొన్ని తిన్నాయి, కందిరీగలు కొన్ని, పిట్టలు కొన్ని. చివరికి ఒక్క పురుగు మిగిలింది. సెప్టెంబరు చలి తగలగానే ఆ బుల్లి ప్రాణి ఆకును కొరికి, మొదలు దగ్గర ముక్క మిగిల్చి, దాన్ని చుట్టచుట్టి అందులో దూరింది. ఆకు చలికాలంలో రాలిపోతుందని దానికెవరు చెప్పారో, ఆకు కాడను పట్టుదారంతో కొమ్మకు కట్టేసింది కూడా. ఇక మే దాకా నిద్ర. లోపలికి తేకూడదు, వెచ్చబడితే అకాలంలో లేస్తుంది, తినడానికి ఆకుండదు, చస్తుంది. బయటే ఉండాలి, మంచులోనే. అందుకే కనకదుర్గ ఆ కొమ్మకు గుర్తుగా ఒక దారం కట్టింది. పూజగదిలో చేతికందింది పసుపు రాసిన నూలుపోగు. అదే కట్టింది.

"గడ్డి కోసేవాడు కోశాడేమో," అన్నాడు శేషగిరి.

"ఆదివారం పొద్దున్నే గడ్డి ఎవడు కోస్తాడండీ? ఇవాళ..." అని ఆగిపోయింది. చేయి నోటిమీదికి వెళ్లింది. "ఇవాళ వినాయకుడి పూజ."

మళ్లీ కాస్త వెనక్కి వెళ్లాలి, తప్పదు.

వినాయకచవితికి ఇరవై ఒక్క రకాల ఆకులు కావాలి. ఎనభైల్లో లండన్‌లో ఉన్నవి పట్టుమని పది తెలుగు ఇళ్లు. మొదటి ఏడాది డాక్టర్ అమరేశ్వరరావు ఉత్సాహంగా నది ఒడ్డుకెళ్లి, మూడేసి ఆకులున్న తీగ చూసి, మారేడు దొరికిందని మురిసిపోయి, సంచీడు కోసుకొచ్చాడు. అది పాయిజన్ ఐవీ. పూజ చేసినవాళ్లందరి చేతులూ బొబ్బలెక్కి, ఆ వారం హాస్పిటల్లో తెలుగు డాక్టర్లకు తెలుగు పేషంట్లే. అప్పటినుంచి పత్రి వ్యవహారం కనకదుర్గ చేతికొచ్చింది. ఆవిడ ఊరంతా తిరిగి, ఏ ఆకుకు ఏ ఆకు బదులో తీర్పులిచ్చింది. జిల్లేడుకు బదులు పాలు కారే మిల్క్‌వీడ్. రెండూ ఒకే కుటుంబమని పుస్తకం చూసి మరీ చెప్పింది. దేవదారుకు కంచెల్లోని సీడార్. రావికి ఆస్పెన్. ఆస్పెన్ ఆకుకు రావి ఆకులా పొడుగు తోక లేదు గానీ, గాలి లేకపోయినా తళతళా వణుకుతుంది. ఆ వణుకే చాలంది ఆవిడ. నలభై ఏళ్లలో ఆ తీర్పు శాస్త్రమైపోయింది. నిన్నగాక మొన్న వచ్చిన పిల్లలు కూడా ఆస్పెన్‌ను 'కెనడా రావి' అంటారు.

నిన్నగాక మొన్న వచ్చిన పిల్లలంటే తక్కువేమీ కాదు. ఆ రెండేళ్లలో విమానాలు దిగిన తెలుగు పిల్లలతో లండన్ నిండిపోయింది. ఏ బస్సెక్కినా వెనక సీట్లోంచి 'అరేయ్' వినబడేది. కనకదుర్గ ఇంటి బేస్‌మెంట్‌లో కూడా ఒక అమ్మాయి ఉంది, నిఖిల, జగిత్యాల నుంచి వచ్చింది. కాలేజీలో సప్లై చెయిన్ చదువు, సాయంత్రాలు కాఫీషాపులో పని, పైఇంటి కొమ్మ కబుర్లు చెవిన పడే తీరికే లేదు. ఈ ఏడాది సంఘం వారి పూజకు పత్రి బాధ్యత మేము చూసుకుంటాం, మీరు కష్టపడొద్దు ఆంటీ అని ఆ పిల్లే పోరు పెట్టి ఒప్పించింది.

"మన నిఖిలే!" అంది కనకదుర్గ. "కారు తీయండి!"

"మొహం కడుక్కోనీ."

"మొహం ఎక్కడికీ పోదు. పురుగు పోతుంది!"

దారిలో నిఖిలకు ఫోన్ మీద ఫోన్. ఎత్తదు. పూజలో కూర్చుని ఫోన్ నోరు నొక్కేసినట్టుంది. శేషగిరి కారు నడపడమంటే పెళ్లికూతురిని పల్లకిలో తీసుకెళ్లినట్టుంటుంది, అరవై చోట యాభై దాటడు. దానికి తోడు రిచ్‌మండ్ స్ట్రీట్‌లో గేటు పడి, గూడ్సు రైలొకటి అడ్డంగా నిలబడింది. లండన్‌లో పుట్టినవాళ్లు ఆ గేటు దగ్గరే సగం ఆయుష్షు గడుపుతారు.

"పూజ చేశాక పత్రంతా నీళ్లల్లో కలిపేస్తారండీ," అంది కనకదుర్గ. "టబ్బులో నీళ్లు పోసి, విగ్రహంతో పాటు అన్నీ..."

"తెలుసు."

"ఆ నీళ్లల్లో గంట ఉందంటే..."

"దుర్గా, రైలుకు నేను హారన్ కొట్టలేను."

బళ్లో జిమ్ అద్దెకు తీసుకున్నారు పూజకు. తలుపు తోసుకుని వెళ్లేసరికి లోపల జనం, అగరుపొగ, పులిహోర వాసన, నేలమీద గీసిన బాస్కెట్‌బాల్ గీతల వెంబడి చాపలు. ఎదురుగా పిల్లలు చేసిన మట్టి వినాయకుడు. పురోహితుడి పీట మీద రాజగోపాల్ గారు. యూనివర్సిటీలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, మంత్రం చెప్పినా ప్రతిపదానికీ రుజువు చూపిస్తున్నట్టే చెబుతారు. పత్రిపూజ నడుస్తోంది.

"సర్వేశ్వరాయ నమః, దేవదారు పత్రం పూజయామి."

రెండొందల చేతులు సీడారాకులు విసిరాయి. కనకదుర్గ వేళ్ల మీద లెక్కపెట్టింది. దేవదారు అయిందంటే మరువం, వావిలి, జాజి, గండకి, జమ్మి. ఆ తర్వాత రావి. అందరూ కెనడా రావి ఆకులు గుప్పిట పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. ఏ గుప్పిట్లో ఉంది?

వంగి వంగి చాపల మధ్యనుంచి నడిచింది. వెనక శేషగిరి. ఆయన్ని చూసిన వాళ్లంతా మంత్రం మరిచి ఆయన చెంప చూస్తున్నారు.

"అంకుల్, ఆ తెల్లగా ఏంది?" అని ఒకడు.

"కొత్త ఫ్యాషన్. నువ్వు ఆకులెయ్యి."

"ఫాలచంద్రాయ నమః, మరువక పత్రం పూజయామి."

ముందు వరసలో, కొత్త పట్టు లంగావోణీలో నిఖిల. కనకదుర్గ పక్కన కూలబడి చెయ్యి పట్టుకుంది.

"అమ్మాయ్, మన పెరట్లో కొమ్మ కోశావా?"

నిఖిల ముఖం వెలిగిపోయింది. "కోసినా ఆంటీ! పసుపు దారం చూసిన. ఆంటీ ముందే పూజ జేసి పెట్టిండ్రు, దేవుని కొమ్మ ఇదే అనుకొని దండం పెట్టి కోసిన. మా నాయనమ్మ గూడ గట్లనే కడ్తది, రావిచెట్టుకి."

పసుపుదారం కట్టిన రావికొమ్మను తెలుగు పిల్ల దేవుడిది అనుకోకపోతే ఏమనుకుంటుంది? తప్పు దారానిదో, కట్టిన చేతిదో, నలభై ఏళ్ల కిందట ఇచ్చిన తీర్పుదో!

"దాని ఆకులేవీ? ఇందులో ఉన్నాయా?"

"హేరంబాయ నమః, సింధువార పత్రం..."

"మంచియన్నీ తుంచి పళ్లెంల వేసిన. ఒక్కటి మాత్రం పురుగు దొల్చింది, సుట్టుకపోయింది. పురుగు పట్టిన ఆకు దేవునికి పెడ్తమా ఆంటీ? మీరే జెప్పిండ్రు కదా."

కనకదుర్గ ఆ పిల్ల రెండు చెంపలూ పట్టుకుంది. "బంగారం! మరి అదేదీ? ఎక్కడ పారేశావు?"

"కొమ్మతోని దీక్షిత్‌కిచ్చిన. ఏమో కడ్తా అన్నడు."

దీక్షిత్ ఒంగోలు కుర్రాడు, నిఖిల క్లాసే. వాడు మైకు పట్టుకుని గోడవారన నిలబడి ఉన్నాడు. కనకదుర్గ చేత్తో సైగ చేస్తే వాడు దణ్ణం పెట్టాడు. మళ్లీ సైగ చేస్తే నవ్వాడు. మూడోసారికి శేషగిరి వెళ్లి చెవి పట్టుకుని తీసుకొచ్చాడు.

"కొమ్మ ఏం చేశావురా?"

"పాలవెల్లికి కట్టా ఆంటీ! మా ఇంట్లో పాలవెల్లి లేకుండా చవితి చెయ్యరు. ఇక్కడ ఎవరికీ తెలీదంట, నేనే తయారుచేశా." వాడు గర్వంగా పైకి చూపించాడు.

పాలవెల్లి అంటే తెలియనివాళ్లకు: దేవుడి తలమీద కట్టే చెక్క చట్రం, పళ్లూ, కంకులూ, కొమ్మలూ వేలాడదీస్తారు, ఆకాశంలోని పాలపుంతకు గుర్తట. దీక్షిత్ విరిగిన హాకీ కర్రలు నాలుగు చతురస్రంగా కట్టి, బాస్కెట్‌బాల్ రింగుకు వేలాడదీశాడు. దాన్నిండా ఆపిల్స్, మొక్కజొన్న కంకులు, ఎర్రబడుతున్న మేపుల్ ఆకులు. వాటి మధ్య, సరిగ్గా వినాయకుడి తొండం మీదుగా, పసుపు దారం కట్టిన ఆస్పెన్ కొమ్మ. దాని మీద, ఫోటోలు బాగా రావాలని పిల్లలు పెట్టిన పెద్ద ఫోకస్ లైటు, పొయ్యి మీద పెనంలా కాలిపోతూ.

"లైటార్పండి!" అంది కనకదుర్గ.

మెల్లగానే అన్నాననుకుంది. మంత్రం ఆగిపోయింది. రెండొందల తలలు తిరిగాయి. ఎవరో భయపడి లైటార్పేశారు.

రాజగోపాల్ గారు కళ్లజోడు పైనుంచి చూశారు. "ఏమిటమ్మా దుర్గమ్మా? జమ్మి దాకా వచ్చాం."

"ఆ పాలవెల్లి మీది కొమ్మ దించాలండీ. అందులో ప్రాణముంది."

"పూజ మధ్యలో పాలవెల్లి కదపకూడదు. ఉద్వాసన చెప్పాక తీసుకోండి."

"అప్పటిదాకా బతకదు! వేడికి లేచిపోతుంది. లేస్తే చలికాలం దాటదు!"

జిమ్‌లో ఒకటే గుసగుస. వెనకనుంచి ఎవరో, "పురుగు కోసమా!" అన్నారు. ఇంకెవరో, "ఆవిడ కట్టిన దారమే, ఆవిడ ఆకే, మనకెందుకండీ," అన్నారు. నిఖిల లేచి నిలబడింది. "పంతులుగారూ, పొద్దుగాల పత్రి ఏరేటప్పుడు పురుగు పట్టినాకు పూజకు పనికిరాదని మీరు గూడ అంటిరి. మరి దేవుని నెత్తి మీద ఉండొచ్చునా?"

రాజగోపాల్ గారు ఆలోచనలో పడ్డారు. లెక్కల మేష్టారు, తర్కం తన సొంత నోటినుంచి వచ్చినదైతే కాదనలేరు. విగ్రహం వైపు చూశారు, కొమ్మ వైపు చూశారు.

"నిజమే. పురుగున్న పత్రి పైన ఉండడమే దోషం. ఉంచితే పూజ చెల్లదు, తీస్తే చెల్లుతుంది," అని తీర్పు చెప్పి, "తియ్యరా అబ్బాయ్, త్వరగా. ఇభవక్త్రాయ దగ్గర ఆపాను, గుర్తు పెట్టుకోండి," అన్నారు.

దీక్షిత్ కుర్చీ ఎక్కాడు. కింద కనకదుర్గ.

"ఆకు ముట్టుకోకు! కొమ్మ పట్టుకో! ఊపకు!"

"ఊపట్లేదాంటీ, చెయ్యే వణుకుతోంది."

"చెయ్యి వణక్కుండా పట్టుకో!"

కొమ్మ కిందికొచ్చింది. కనకదుర్గ దాన్ని రెండు అరచేతుల మధ్య దీపంలా పట్టుకుని, తల వంచి చూసింది. ఆకు చుట్ట నోట్లోంచి, గోధుమరంగు తల ఒకటి బయటికొచ్చి ఉంది. ఎండాకాలం వచ్చిందనుకుని అటూ ఇటూ చూస్తోంది.

"అయ్యో, లేచిపోయింది! దారి, దారి!"

పట్టుచీరలు పక్కకు జరిగాయి. పంచెలు లేచి నిలబడ్డాయి. ఆవిడ కొమ్మతో పరుగు, ముందు దీక్షిత్ తలుపు తెరిచి, వెనక నిఖిల వోణీ చేతబట్టి. బయట సెప్టెంబరు గాలి చల్లగా కొట్టింది. పార్కింగ్ లాట్‌లో, రెండు కార్ల మధ్య నీడలో, ముగ్గురూ కొమ్మ మీదికి వంగారు. తల అటు తిరిగింది. ఇటు తిరిగింది. చలి తగిలినట్టుంది, ఒకసారి ఆగింది. తర్వాత మెల్లగా, చాలా మెల్లగా, పడుకోబోయే ముసలమ్మ దుప్పట్లోకి జరిగినట్టు, వెనక్కి జారి చుట్టలోకి పోయింది.

"పోయిందా ఆంటీ?" అంది నిఖిల, ఏడుపు గొంతుతో.

"పోయిందే! లోపలికి పోయింది! పడుకుంది!"

లోపలినుంచి రాజగోపాల్ గారి గొంతు మైకులో గట్టిగా వినబడింది: "వినాయకాయ నమః, అశ్వత్థ పత్రం పూజయామి!"

ఆ సాయంత్రమే కొమ్మను మళ్లీ అదే ఆస్పెన్‌కు, వేరే కొమ్మ పక్కన బిగించి కట్టింది కనకదుర్గ. ఈసారి నీలం ఊలు దారంతో. మేలో పురుగు లేచినప్పుడు పక్కనే చిగుళ్లు అందాలి కదా. ఇక చలికాలమంతా బేస్‌మెంట్ కిటికీకి ముఖం ఆనించి నిఖిల కాపలా. "మైనస్ ఇరవై అంట ఆంటీ, చచ్చిపోదా?" అని రోజూ అడిగేది. దాని ఒంట్లో గడ్డకట్టని రసముంటుందే అని చెబితే, "మాకు గూడ ఉంటే బాగుండు," అనేది, రెండు జాకెట్లు వేసుకుని బస్సుకోసం పోతూ. శేషగిరి మంచు తవ్వి ఆ మూలకు విసరకూడదని ఇంట్లో చట్టం.

మే నెలలో, చిగురు వేయగానే, చుట్ట ఖాళీ అయింది. పురుగు చిగుళ్ల మీద పడి తిని తిని బలిసింది. చూడ్డానికి అచ్చం పిట్టరెట్ట, గోధుమ తెలుపు కలిసిన ముద్ద, మీద రెండు కొమ్ములు. ఆ రూపమే దానికి రక్ష. రెట్టను ఏ పిట్ట తింటుంది?

"ముప్పై ఏళ్లు దీనికోసమా?" అన్నాడు శేషగిరి వంగి చూసి. "ఇలాంటివి నా కారు మీద రోజూ పడతాయి."

పాత నైలాన్ చీర చింపి కొమ్మకు సంచీ కుట్టింది కనకదుర్గ. జూన్ మొదట్లో పురుగు తలకిందులుగా వేలాడి గూడు కట్టింది. ఇక ఏ రోజైనా రావచ్చు. అన్నం కూడా పెరటి మెట్ల మీదే తినేది.

వచ్చే రోజు రానే వచ్చింది, అది కూడా ఆవిడ కంటి డాక్టరు దగ్గర ఉన్న రోజు. డెబ్భై దాటాక ఏడాదికోసారి తప్పని పరీక్ష. ముందు అనుకున్నదే, మార్చడం కుదరలేదు. కంటిపాపలు పెద్దవవడానికి చుక్కలు వేసి, కుర్చీలో కూర్చోబెట్టారు. బొట్టు బొట్టుగా లోకమంతా కరిగి తెల్లబడుతుండగా ఫోన్ మోగింది.

"ఆంటీ! బయటికొచ్చింది!" నిఖిల అరుపు.

"గీత ఉందా?"

"రెక్కలు ఇంకా తడిగున్నయి, ముడుతలు ముడుతలుగున్నయి... విప్పుతున్నది... ఉంది ఆంటీ! తెల్లగీత ఉంది!"

కనకదుర్గ ఫోన్ చెవికి అదుముకుంది. గీత నిండుగా ఉంటే ఉత్త తల్లి పోలిక. అంతే. "పూర్తిగా ఉందా?"

"ఉండుండ్రి... లేదు! ఆగిపోయింది! పై రెక్కల మీద ఉంది, కింది రెక్కల మీద... ఆంటీ మీరు జల్ది రాండ్రి, నాకు జెప్పొస్తలేదు!"

"మేడమ్, డాక్టర్ ఇంకా చూడలేదు," అంది అక్కడి అమ్మాయి.

"నేను చూడాల్సినది ఇంకొకటుంది!" అని ఆవిడ అప్పటికే తలుపు దగ్గరుంది. ఆ రోజు శేషగిరి అరవై చోట డెబ్భై నడిపాడు. ఆయన జీవితంలో అది ఒక్కసారే.

పెరట్లో జూన్ ఎండ. కళ్లజోడు మీద నల్లజోడు పెట్టుకున్నా కళ్లు చెదిరిపోతున్నాయి. నిఖిల చేయి పట్టుకుని కొమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. సంచీ విప్పింది.

"ఇగో ఆంటీ, ఇక్కడే, మీ ముక్కు ముందే!"

కనకదుర్గకు ఒక నల్లటి మసక తప్ప ఏమీ కనబడలేదు. ఇంకా దగ్గరికి వంగింది. ఇంకా మసక. ముప్పై ఏళ్లు మైక్రోస్కోపులో కంటికి ఆనని కణాలను లెక్కపెట్టిన కళ్లు, జానెడు దూరంలోని సీతాకోకను చూడలేకపోతున్నాయి.

"ఎగిరిపోతుందేమో ఆంటీ, రెక్కలు ఆరినయి!"

"దగ్గర కాదు," అంది కనకదుర్గ హఠాత్తుగా. "చుక్కలేసిన కళ్లకు దగ్గర కనబడదు. దూరం పోవాలి!"

వెనక్కి నడిచింది. ఒక అడుగు, ఇంకొకటి. గడ్డి దాటింది, పూలకుండీ తన్నుకుంది, శేషగిరి రెక్క పట్టుకున్నాడు, విదిలించుకుంది. వెనక కంచె వీపుకు తగిలింది. అక్కడ నిలబడి, చేయి నుదుటికి అడ్డం పెట్టి చూసింది. ఆకుపచ్చ మధ్యలో నల్లటి ముక్క ఒకటి కుదురుకుంది. అంచులు తేరాయి. రెక్కలు విప్పింది. పై రెక్కల మీద తెల్లటి పట్టీ, చక్కగా, నిండుగా. కింది రెక్కల్లోకి దిగేసరికి అది సన్నబడి, పొడి పొడిగా రాలినట్టయి, ఆగిపోయింది. ఆగిన చోటునుంచి అంచుదాకా నీలం.

"సగం!" అంది. తనకే వినబడేంత మెల్లగా. మళ్లీ అంది. ఈసారి వీధంతా వినబడింది. "సగం, ఏమండీ! తల్లి గీత, తండ్రి నీలం! చూశారా? సగం!"

సీతాకోక ఒకసారి రెక్కలు మూసి తెరిచి, కొమ్మ వదిలేసింది. కంచె మీదుగా, ఆవిడ తలమీదుగా, పక్కింటివాళ్ల పెరట్లోకి.

"అటు! అటు పోయింది! గేటు తీయండి!"

"దుర్గా, కళ్లు కనబడవు, మెట్లున్నాయి!"

"దూరంవన్నీ కనబడుతున్నాయండీ!" అంటూ ఆవిడ అప్పటికే గేటు దాటింది.